పరీక్ష బరువు

అజీమ్ ఆ బల్లకు ఇటువైపు కూర్చోవడం అదే మొదటిసారి. పంజాగుట్టలో చీరల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉన్న ఆ ఆఫీసుకు అతడు ఇరవై ఆరేళ్లుగా వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా నిలబడే మాట్లాడి, నిలబడే కాగితాలు తీసుకుని, బాలానగర్ వర్క్‌షాపుకో ఊరి బయటి ఏదో ఒక సైటుకో వెళ్లిపోయేవాడు. క్రేన్లు బిగించే పని అతనిది. కార్ఖానా కప్పు కింద, రెండు వైపులా వేసిన పట్టాల మీద నడుస్తూ టన్నుల కొద్దీ ఇనుమును మోసే క్రేన్లు. అటువంటివి నూట డెబ్బైకి పైగా అతని చేతుల మీదుగా నిలబడ్డాయి. వాటి కాగితాల మీద మాత్రం ఎప్పుడూ ఎవరో ఒక ఇంజనీరు సంతకమే ఉండేది, ఎందుకంటే అజీమ్ చదివింది ఐటీఐ.

సోమవారం ఉదయం కంపెనీ యజమాని విక్రమ్ స్వయంగా కుర్చీ లాగి చూపించాడు.

“కూసో భాయ్. సీనియర్ ప్రాజెక్ట్ ఇంజనీర్‌ను తీస్కుంటున్నం. డిగ్రీలు నేను చూస్త. పని వస్తదో రాదో నువ్వు చూడు. నీకంటె ఎవలకు తెలుసు?”

విక్రమ్‌కు ఇంకా నలభై నిండలేదు. కంపెనీతో పాటు, అజీమ్‌ను భాయ్ అని పిలిచే అలవాటు కూడా అతనికి తండ్రి నుంచే వచ్చింది. ఉన్న ప్రాజెక్ట్ ఇంజనీరు మే నెలలో మానేశాడు. ఆ స్థానం ఖాళీగా ఉండగానే జూన్‌లో ఒక రోలింగ్ మిల్లుకు ఇరవై టన్నుల క్రేన్ అప్పగించారు. జులై ఎనిమిదిన ఆ క్రేన్ బ్రేక్ జారి, పందొమ్మిది టన్నుల ఇనుప కట్ట ఆగవలసిన చోట ఆగకుండా దిగింది. కింద తాళ్లు సరిచేస్తున్న రాఘవయ్య అనే కాంట్రాక్టు కార్మికుడు ఆస్పత్రికి చేరకముందే చనిపోయాడు. అది జరిగి ఆరు రోజులైంది. ఇంజనీరు లేనందువల్ల ఇంత జరిగింది గనుక ఇప్పుడు ఇంజనీరును తెచ్చుకుంటున్నారు. సోమవారం ఉదయానికి అజీమ్ ఆలోచన అంతవరకే వెళ్లింది.

ముగ్గురు వచ్చారు. అజీమ్ ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగాడు. నిండు బరువుతో ఉన్న హుక్కు, బటన్ వదిలిన తర్వాత కూడా జానెడు కిందికి జారితే ఏం చేస్తారు?

మొదటి ఆయన అరవై దాటినవాడు, రిటైరైన తర్వాత వేరే కంపెనీలో కన్సల్టెంటుగా ఉన్నాడు. బ్రేక్ బిగిస్తానన్నాడు. రెండో అతని పేరు మహిపాల్. పేరున్న కంపెనీలో పనిచేస్తూ ఇంకా పై జీతానికి చూస్తున్నాడు. బ్రేక్ లైనర్ అరుగుదల దగ్గర మొదలుపెట్టి కరెంటు హెచ్చుతగ్గుల దాకా పది నిమిషాలు చెప్పాడు. అందులో ఒక్క ముక్కా తప్పు కాదు.

మూడో మనిషి మానస. నలభై రెండేళ్లుంటాయి. ఎడమ మణికట్టు మీద వెల్డింగ్ రవ్వలు పడిన పాత మచ్చలున్నాయి. ప్రశ్న విని, చేతిలోని పెన్సిల్‌ను బల్ల మీద పెట్టింది.

“ఫస్ట్ కింద ఉన్నోళ్లను దూరం పంపుత. బరువు మెల్లగ నేల మీదికి దించుత. బ్రేక్ సంగతి తర్వాత. అప్పుడు అడుగుత: ఈ క్రేన్‌ను అప్పజెప్పేటప్పుడు ఎంత బరువు ఎత్తి చూసిండ్రు? చూసినోళ్లు ఎవలు?”

అజీమ్ చేతిలోని మార్కుల కాగితాన్ని అనవసరంగా రెండోవైపు తిప్పి చూశాడు. విక్రమ్ నవ్వాడు.

“మంచి ప్రశ్న. మరి పదహారు నెలల నుంచి ఖాళీగ ఎందుకున్నరు మేడం?”

“మా కంపెనీ మూతపడ్డది సార్. అమీర్‌పేటల పిల్లలకు ఆటోక్యాడ్ చెప్తున్న.”

“మధ్యల వేరే యాడ దొరకలేదా?”

“సైటుకైతే ఆడమనిషి ఎందుకంటరు. ఆఫీసుకైతే నలభై దాటినయంటరు.” టేపు మీద కొలత చదివినట్టు చెప్పింది. “ఇంకో ఆర్నెల్లు పోతే నన్ను ఇంజనీర్ అని ఎవ్వలు పిలువరు సార్. గది నాకు తెలుసు.”

విక్రమ్ తన కాగితం మీద ఏదో రాసుకుని, దాని కింద రెండు గీతలు గీశాడు. అజీమ్ ఆమెకు పదికి తొమ్మిది వేశాడు. ఇరవై ఆరేళ్లలో తన మాట కాగితం మీద పడటం అదే మొదటిసారి. ఆ తొమ్మిది అంకెను అతడు కొంచెం పెద్దగానే రాశాడు.

* * *

మంగళవారం మళ్లీ పిలుపు వచ్చింది. బల్కంపేట ఎల్లమ్మ గుడివైపు జనం పెరిగి బస్సులను చుట్టూ తిప్పుతున్నందువల్ల అతడు పంజాగుట్ట చేరేసరికి పదకొండు దాటింది.

ఆఫీసు కాగితాలన్నీ చూసే నాగేశ్వరి తల ఎత్తి పలకరించింది. భీమవరం నుంచి వచ్చి పదిహేనేళ్లయినా ఆమె మాట మారలేదు.

“రండి అజీమ్ గారూ. మీరు తొమ్మిది వేసినావిడే ఖాయమైందండీ. ఇక మీ మాటకి తిరుగేంటి? రేపటి నుంచి మేమందరం మీకే సెలవు చీటీలివ్వాలేమో.”

“ఇయ్యుండ్రి. అన్నిటికీ నామంజూర్ అని రాస్త” అన్నాడు అజీమ్. ఉదయం నుంచీ అతని మనసు తేలికగా ఉంది.

నాగేశ్వరి ముందు హాజరు పుస్తకం తెరిచి ఉంది. అది జూన్ పేజీ. అందరి పేర్ల కింద మానస పేరు కొత్తగా చేరింది. నాగేశ్వరి ఒక్కో గడిలో హాజరు గుర్తు పెడుతూ, నాలుగైదు గడులకొకసారి నీలం పెన్ను వదిలి నల్ల పెన్ను, నల్ల పెన్ను వదిలి నీలం పెన్ను తీసుకుంటోంది. ఒక ఆదివారం గడిలో పొరపాటున గుర్తు పడింది. దానిమీద తెల్లరంగు పూసి, నోటితో ఊది ఆరబెట్టింది.

“జూన్ పేజీల ఆమె పేరెందుకు?”

“చేరింది జూన్ రెండున అని ఉత్తర్వులో వేయమన్నారండీ.” ఆమె గొంతు తగ్గించింది. “నేనేం అడుగుతాను చెప్పండి? చెప్పింది రాస్తాను.”

అజీమ్ లోపలికి వెళ్లాడు. విక్రమ్ లేచి తలుపు తానే మూశాడు.

“సాబ్, జూన్ రెండు అని...”

“ఆమెకు పదహారు నెలల గ్యాప్ ఉన్నది భాయ్. దాంట్ల నెలన్నర మనం పూడుస్తున్నం. ఆ జీతం సుత ఇస్తున్నం. ఆమెకేం నష్టం?” అంటూ ఒక కాగితాన్ని బల్ల మీదికి జరిపాడు.

అది మిల్లు క్రేన్ పరీక్షా పత్రం. పరీక్ష తేదీ జూన్ పందొమ్మిది అని అచ్చయి ఉంది. పరీక్ష బరువు అన్న మాట పక్కన గీత ఉంది, గీత మీద ఏమీ లేదు. బాధ్యత వహించిన ఇంజనీరు అన్నచోటా అంతే.

“ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ శుక్రవారం వరకు ఇది అడిగిండు. ఇంజనీర్ పేరు లేదనుకో. సైటు మీద ఎవలున్నరంటడు. ఎవలున్నరు భాయ్?”

ఉన్నది అజీమే. ఇరవై టన్నుల క్రేన్‌తో ఇరవై ఐదు టన్నులు ఎత్తి, గాలిలో ఆపి, బ్రేక్ పట్టి ఉంచుతున్నదో లేదో చూసిన తర్వాతే అప్పగించాలి. అందుకు కావలసిన ఇనుప దిమ్మెల కిరాయి లారీ ఆ రోజు రాలేదు. మిల్లు యజమానికి ఆషాఢం రాకముందు అదే చివరి ముహూర్తం. పంతులు హుక్కుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టాడు. గుమ్మడికాయ కొట్టారు. పూజ చేసిన హుక్కును ఖాళీగా వదలకూడదని ఎవరో అంటే, దగ్గరలో ఉన్న కట్టను తగిలించి ఎత్తారు. కట్టకు వేలాడుతున్న చీటీ మీద పద్నాలుగు టన్నులని రాసి ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు, లడ్డూలు పంచారు. దిమ్మెలు రాగానే ఆదివారం పరీక్ష పెట్టుకుందామని అజీమ్ చెప్పాడు. ఆదివారం కంపెనీ అతణ్ని మరో సైటుకు పంపింది. మిల్లువాళ్లు పిలుస్తారని కంపెనీ అనుకుంది, కంపెనీవాళ్లు వస్తారని మిల్లు అనుకుంది. ముహూర్తానికి ఎత్తిన బరువే పరీక్షగా చెల్లిపోయింది. ఈ వ్యాపారంలో అది వింత కాదు. ఆ విధంగా అప్పగించిన క్రేన్లు ఇప్పటికీ నడుస్తున్నాయి గనుకనే అది ఎవరికీ తప్పుగా కనబడలేదు.

“మహిపాల్‌ను ఎందుకు తీస్కోలేదు సాబ్? ఆయన సుత మంచిగనే చెప్పిండు.”

“ఆయన జూన్‌ల ఇంకో కంపెనీల ఉన్నడు కద” అన్నాడు విక్రమ్, అంత సులువైన లెక్క అడిగినందుకు ఆశ్చర్యపడుతూ.

అజీమ్ ఆ కాగితాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ ముగ్గురిలో జూన్ పందొమ్మిదిన ఎక్కడా లేని మనిషి మానస ఒక్కతే. ఆమెను ఎంచుకోవడానికి ఆమె చెప్పిన జవాబు కారణం కాదు. తాను వేసిన తొమ్మిది కూడా కారణం కాదు. కానీ ఆ తొమ్మిది వేసిన కాగితం ఫైలులో ఉంది. అడిగినవారికి చూపడానికి అది పనికొస్తుంది.

“ఆమె మీద కేసయితే?”

“లాయర్‌ను పెడ్తం. ఏండ్లకేండ్లు నడుస్తది. అదే నీ పేరయితే? ఐటీఐ మనిషితోని పరీక్ష ఎట్ల చేయించిండ్రని మొదటి రోజే లోపలేస్తరు.” విక్రమ్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. “డిసెంబర్‌ల రిటైర్ అయితున్నవ్. మా నాయన ఉంటే నిన్ను గిట్ల వదిలేస్తుండెనా? నువ్వు ఫికర్ చెయ్యకు. నేను నీ గురించే చేస్తున్న.”

ఆ చెయ్యి బరువుగా లేదు. అజీమ్ దాన్ని తొలగించలేదు.

సాయంత్రం అమీర్‌పేట వెనుక సందులోని ఇంట్లో, బద్రున్నీసా చింతకాయ పచ్చడికి ఉల్లిపాయ తరుగుతూ భర్త చెప్పినదంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అంతా అయిన తర్వాత, ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకునే దక్కనీలో ఒక్క ప్రశ్న అడిగింది. ఆ అమ్మాయికి తెలుసా?

తెలియదన్నాడు అజీమ్.

ఆమె కత్తిపీట పక్కకు పెట్టి ఉల్లిపాయ ముక్కలను గిన్నెలోకి ఊడ్చింది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పోలీసులు ఇంటికి వస్తారా అని మాత్రం, చాలాసేపటి తర్వాత, గిన్నె కడుగుతూ అడిగింది.

* * *

బుధవారం మధ్యాహ్నం అజీమ్ సెలవు పెట్టి మానసను వెతుక్కుంటూ వెళ్లాడు. అమీర్‌పేటలో కోచింగ్ బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిటికీలను కూడా కప్పేసిన భవనాలలో అదొకటి. నాలుగో అంతస్తు. మెట్ల మీద పిల్లలు నోట్సు జిరాక్సులు పట్టుకుని ఆ గోడకూ ఈ గోడకూ ఆనుకుని నిలబడ్డారు. తలుపు సందులోంచి చూస్తే, మానస తెల్లబోర్డు మీద హుక్కు బొమ్మ గీస్తోంది. స్కేలు లేకుండా గీసిన వంపు ఎక్కడా వణకలేదు.

“గీ మెడ కాడ మందం తక్కువ గీసినవనుకో, కంప్యూటర్ ఏమనది” అంటోంది ఆమె ఒక విద్యార్థితో. “ఇనుమే అంటది, నాలుగేండ్ల తర్వాత.”

పిల్లలు నవ్వారు. ఆమె తలుపు దగ్గర అజీమ్‌ను చూసి గుర్తుపట్టి, ఐదు నిమిషాలన్నట్టు చెయ్యి చూపింది.

కింద ఇరానీ హోటల్లో చాయ్ చెప్పారు. ఆమె కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. అజీమ్ మొదలుపెట్టేలోపే ఆమే మాట్లాడింది. సైటుకు కంపెనీ బండి ఉంటుందా, సొంతంగా పోవాలా? వర్క్‌షాపులో ఆడవాళ్లకు బాత్‌రూమ్ ఉందా?

“ఉన్నది. తాళమేసి ఉంటది. తాళం చెవి వాచ్‌మన్ కాడ ఉంటది.”

“వాచ్‌మన్ యాడ ఉంటడు?”

“గదే మాకు సుత తెల్వది.”

ఆమె పకపక నవ్వింది. పదహారు నెలల క్రితం వరకు ఆ నవ్వు సైట్ల మీద, యంత్రాల చప్పుడుకు పైన వినబడి ఉంటుందని అజీమ్‌కు అనిపించింది. నవ్వు ఆగిన తర్వాత ఆమె చాయ్ సాసర్‌ను వేలితో మెల్లగా తిప్పింది.

“ఇక్కడ మానేస్తున్ననని పొద్దున చెప్పేసిన భాయ్. రేపటి నుంచి వేరే ఆమె వస్తది. నాగేశ్వరి మేడం ఫోన్ చేసి లెటర్ చదివి వినిపించింది. జూన్ రెండని వేసిండ్రట.”

అజీమ్ కప్పు ఎత్తి మళ్లీ పెట్టాడు. ఆమె అడగలేదు. అతని ముఖం వైపు కూడా చూడలేదు. రోడ్డు మీద మెట్రో స్తంభం పక్కన ఒకతను ఫోన్ కవర్లు పరుచుకుంటుంటే అటు చూస్తూ ఉంది. చెప్పడానికి ఇంతకంటే అనువైన క్షణం రాదని అజీమ్‌కు తెలుసు. ఇందుకోసమే సెలవు పెట్టాడు. మెట్లెక్కుతూ మాటలు కూర్చుకున్నాడు. మొదటి మాట, మిల్లులో ఒక మనిషి చనిపోయాడు. రెండోది, జూన్ పందొమ్మిదిన పరీక్ష జరగలేదు. మూడోది, అక్కడ ఉన్నది నేను. మొదటి రెండూ చెప్పవచ్చు. మూడోది చెప్పకుండా ఆ రెండూ చెప్పడం కుదరదు.

“మేడం, రేపు కాయితాలు ఇస్తరు. జర మంచిగ చదివి సంతకం పెట్టుండ్రి.”

ఆమె ఇటు తిరిగింది. చాలాసేపు, డ్రాయింగులో తప్పు ఎక్కడుందో వెతికేవారు చూసినట్టు అతణ్ని చూసింది.

“చదవకుండ నేనెప్పుడు సంతకం పెట్టలే భాయ్” అంది. తర్వాత, “రేపు నువ్వు ఉంటవా ఆడ?” అని అడిగింది.

“ఉంట.”

“ఉండు.”

హోటల్ బయట ఇద్దరూ విడిపోయారు. ఇంటివైపు నడుస్తుంటే అజీమ్‌కు మనసు కొంత తేలికపడింది. చదువుతానంది. అంత తెలివైన మనిషి చదివితే తేదీ పట్టుకుంటుంది, ఖాళీ గీతలు పట్టుకుంటుంది, సంతకం పెట్టదు. అప్పుడు తాను చెప్పవలసిన అవసరమే ఉండదు. ఆమె నిరాకరించిన తర్వాత తన పేరు బయటికి రావచ్చు. కానీ అది ఇంకొకరి నిర్ణయం వల్ల జరిగినది అవుతుంది. అందులో ఊరట ఎందుకుందో అతడు పరిశీలించుకోలేదు. ఆ రాత్రి అన్నం తిన్నాడు, నిద్ర కూడా పట్టింది.

* * *

గురువారం నాలుగు గంటలకు అదే గదిలో కాగితాలు బల్ల మీద వరసగా పరిచారు. నాగేశ్వరి ఒక చివర ఫైలు పట్టుకుని కూర్చుంది. విక్రమ్ మిఠాయి డబ్బా తెప్పించి బల్ల మధ్యలో పెట్టాడు. మానస నీలిరంగు చీర కట్టుకుని, సంచిలో తన సొంత హెల్మెట్ తెచ్చుకుంది. దానిమీద పాత కంపెనీ పేరును బ్లేడుతో గీకేసిన గుర్తులున్నాయి.

ఆమె నియామకపు ఉత్తర్వు చదివింది. మూడు పేజీలు, ప్రతి పేజీ అడుగు దాకా. చేరిన తేదీ దగ్గర వేలు ఒకసారి ఆగి, ముందుకు కదిలింది. సంతకం పెట్టింది. అజీమ్ బల్ల కింద చేతులు ముడుచుకున్నాడు. ఇది కేవలం ఉద్యోగపు కాగితం, అసలుది తర్వాత వస్తుంది అనుకున్నాడు.

తర్వాత వచ్చింది పరీక్షా పత్రం. విక్రమ్ దాన్ని మిగతా కాగితాల మాదిరిగానే ఆమె ముందుకు జరిపాడు.

“ఇదొక చిన్న పెండింగ్ మేడం. జూన్‌ల అయిన జాబ్. రికార్డుకు.”

ఆమె ఇది కూడా చదివింది. మిల్లు పేరు చదివినప్పుడు ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు. రానందువల్లనే అజీమ్‌కు అర్థమైంది. ఆమెకు తెలుసు. కార్మికుడి మృతి వార్త పేపర్లో నాలుగు వరుసల్లో వచ్చింది. క్రేన్ల మీద బతికినవాళ్లు ఆ నాలుగు వరుసలు వదిలిపెట్టరు. ఎంత బరువు ఎత్తి చూశారని సోమవారం ఆమె ఊరికే అడగలేదు. తేదీ ఎందుకు వెనక్కి పోయిందో నిన్న చాయ్ తాగుతున్నప్పుడే ఆమెకు తెలిసి ఉంటుంది.

“పరీక్ష బరువు ఖాళీగున్నది సార్” అంది మానస.

“ఇరవై ఐదు. స్టాండర్డే కద. వేసేయుండ్రి.”

“నేను చూడలేదు కద సార్. చూసినోళ్లు రాయాలె. వాళ్లు రాసినంక దాని కింద నేను సంతకం పెడ్త.”

విక్రమ్ ఒక క్షణం ఆలోచించాడు. ఎటునుంచి చూసినా అందులో అతనికి నష్టం కనబడలేదు. నవ్వి, పెన్ను తీసి అజీమ్ వైపు చాచాడు.

“కరెక్టే. భాయ్, రాయి.”

మానస కాగితాన్ని తిప్పి అజీమ్ ముందు పెట్టింది. ఖాళీ గీత మీద తన చూపుడు వేలు ఉంచి, మెల్లగా తీసింది. అతని ముఖం వైపు చూడలేదు, పెన్ను మొన వైపే చూసింది.

అజీమ్ పెన్ను మూత తీశాడు. ఆ గీత పొడవు రెండు అంగుళాలుండవచ్చు. పద్నాలుగు అని రాస్తే ఈ పత్రం ఇన్‌స్పెక్టర్‌కు పంపడానికి పనికిరాదు. ఆమె సంతకానికి చోటుండదు. జూన్ పేజీలో రెండు రంగుల పెన్నులతో నింపిన గడులన్నీ వృథా అవుతాయి. ఆ తర్వాత, సైటు మీద ఎవరున్నారన్న ప్రశ్న వస్తుంది. గిన్నె కడుగుతూ బద్రున్నీసా అడిగిన ప్రశ్న వస్తుంది. ఈ వరసలో ప్రతిదీ దాని ముందుదాని నుంచి, గేరు పళ్లు ఒకదాన్నొకటి తోసినట్టు, తప్పకుండా కదులుతుంది. ఇరవై ఐదు అని రాస్తే మాత్రం ఏదీ కదలదు. అదీగాక, ఇంత తెలిసిన మనిషి ఆ అంకె కింద సంతకం ఎలా పెడుతుంది? ఆమె ఊరికే తనచేత రాయిస్తోంది. అంకె చూసి, ఇది అబద్ధమని కాగితం వెనక్కి నెడుతుంది. నెట్టి తీరుతుంది.

అతడు రెండు రాశాడు. దాని పక్కన ఐదు రాశాడు.

మానస వేలు బల్ల అంచు మీద ఆగి ఉంది.

“అక్షరాలల్ల సుత రాయి భాయ్” అంది మెల్లగా. “అంకెలు ఎవలైనా మారుస్తరు.”

నాగేశ్వరి ఫైలులోంచి తల ఎత్తింది. విక్రమ్ ఫోన్ చూసుకుంటున్నాడు. అజీమ్ ‘ఇరవై ఐదు టన్నులు’ అని రాశాడు. ఐటీఐలో డ్రాయింగు మాస్టారు నేర్పిన గుండ్రటి దస్తూరీ. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. కింద తన పేరు, తేదీ వేశాడు. జూన్ పందొమ్మిది.

మానస కాగితాన్ని తనవైపు తిప్పుకుంది. ఆ మూడు మాటలను చదవడానికి అంతసేపు పట్టదు. అజీమ్ ఆమె చేతినే చూశాడు. ఆ చెయ్యి కాగితాన్ని వెనక్కి నెట్టలేదు. పెన్ను తీసుకుంది. ఇంజనీరు అన్నచోట పూర్తి పేరు రాసింది, డిగ్రీ రాసింది, సంతకం పెట్టింది.

“స్వీట్ తీస్కోండ్రి మేడం” అన్నాడు విక్రమ్.

ఆమె ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. కాగితం నాగేశ్వరి ఫైలులోకి వెళ్లింది. నాగేశ్వరి దానికి రంధ్రాలు చేస్తూ, యంత్రాన్ని అవసరమైన దానికంటే రెండుసార్లు ఎక్కువ నొక్కింది.

* * *

పంజాగుట్ట స్టేషన్లో ఇద్దరూ ఒకే రైలెక్కారు. అమీర్‌పేట ఒక్క స్టేషనే. జనం మధ్య మానస హెల్మెట్ సంచిని కడుపుకు ఆనించుకుని, పై పట్టీ పట్టుకుని నిలబడింది. రైలు కదిలి, వంతెన మలుపులో అందరూ ఒకవైపు ఒరిగినప్పుడు ఆమె అజీమ్ భుజానికి తగిలి సర్దుకుంది.

“వేరే అంకె రాస్తవనుకున్న భాయ్” అంది.

అజీమ్ ఆమె వైపు తిరిగాడు. ఆమె కిటికీ అవతలికి చూస్తోంది.

“నా అంతట నేను కుర్చీల నుంచి లేచి వస్తననుకోలే. లెటర్ చేతికొచ్చినంక నాతోని అయ్యేటట్టు లేకుండె. నిన్న నువ్వు చాయ్‌కి వచ్చినవ్ కద, ఈయన రాస్తడు అనుకున్న. రాస్తే నాకు లేవక తప్పదు. అందుకే అక్షరాలల్ల రాయమని రెండోసారి సుత అడిగిన.”

మీరు సంతకం పెట్టరనుకున్నాను అన్న మాట అజీమ్ నోటిదాకా వచ్చింది. ఆ మాట నిజమే. కానీ ఇప్పుడు దాన్ని పైకి అంటే అది ఆమె మీద వేసే మరో బరువవుతుంది.

నిజంగా ఎంత ఎత్తారని ఆమె అడుగుతుందనుకున్నాడు. అడిగితే ఈ జనంలో, ఈ చప్పుడులో చెప్పేసేవాడే. ఆమె అడగలేదు. తెలుసుకోవడం వల్ల ఇక ఏ పనీ జరగదని లెక్క తేల్చుకున్న మనిషిలాగా, సంచిలోని హెల్మెట్‌ను సరిగా పెట్టుకుంది.

అమీర్‌పేటలో తలుపులు తెరుచుకున్నాయి. వెనుక నుంచి తోసిన జనంతో పాటు ఇద్దరూ ప్లాట్‌ఫాం మీదికి వచ్చిపడ్డారు. మెట్ల దగ్గర ఆమె ఆగింది.

“రేపు తొమ్మిదింటికా?”

“తొమ్మిదిన్నరకు” అన్నాడు అజీమ్. “ఇన్‌స్పెక్టర్ మిల్లు కాడికే వస్తడంట. బండి పంపిస్తరు.”

ఆమె తల ఊపి, తన వైపు మెట్లు దిగసాగింది.